ఒకే చాప మీద మూడు తరగతులు

విద్య అనగానే మన మనస్సుకు తోచేది తరగతి గది. ఒకే ఈడు పిల్లలు వరుసలుగా కూర్చుండి, ఒకే పుస్తకం తెరచి, ఒకే పాఠం వినడమే విద్యకు సహజరూపమని భావిస్తాం. ఇంటి స్వభావం వేరు. పన్నెండేండ్ల అక్క, తొమ్మిదేండ్ల తమ్ముడు, ఆరేండ్ల చెల్లెలు ఒకే చాప మీద కూర్చున్నప్పుడు ఎవరి పుస్తకం ముందు తెరవవలె? ముగ్గురికి మూడు పాఠాలు విడివిడిగా చెప్పాలంటే తల్లికి పొద్దు చాలదు. అందరికీ ఒకే పాఠం చెబితే పెద్దదానికి విసుగు, చిన్నదానికి అయోమయం. పిల్లలకు ఇంటివద్దనే చదువు చెప్పుకొనే తల్లిదండ్రులు, ట్యూషను చెప్పే యువకులు, ఇద్దరు ముగ్గురితో ఐదు తరగతులు నడిపే గ్రామ పాఠశాలల ఉపాధ్యాయులు, అందరూ ఎదుర్కొనే సమస్య ఇదే. మన వనపర్తి ప్రాంతపు పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని దీనిని కొంత పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ సమస్య కొందరి ఇంటి గొడవ మాత్రమే కాదని 2020వ సంవత్సరం నిరూపించింది. ఆ ఏడు మార్చిలో కరోనా వ్యాధి వల్ల బడులు మూతపడినవి. సెప్టెంబరు 1వ తేదీ నుండి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారాల ద్వారా 3వ తరగతి మొదలు 10వ తరగతి వరకు పాఠాలు చెప్పించింది. ఏర్పాటు మంచిదే. అయితే అది తరగతిని దృష్టిలో ఉంచుకొని చేసిన ఏర్పాటు, ఇంటిని కాదు. ఇంటిలో ఉన్నది ఒకే టి.వి., లేదా తండ్రి పనికి వెళ్ళేటప్పుడు జేబులో వేసుకొనిపోయే ఒకే ఫోను. అక్క పాఠం ఒక వేళకు, తమ్ముడి పాఠం మరొక వేళకు. ఒకటవ తరగతి చెల్లెలికి అసలు పాఠమే లేదు. అయినా ఆ పిల్ల అక్కడే కూర్చుండి, తనది కాని పాఠాన్ని కళ్ళప్పగించి చూసింది. ఆ నెలలలో మన జిల్లాలో వేలాది ఇండ్లు, ఎవరూ పేరు పెట్టకుండానే, బహుతరగతి పాఠశాలలైనవి. వాటికి తగిన పాఠ్యప్రణాళిక మాత్రం ఎవరి చేతిలోనూ లేకపోయింది.

వేర్వేరు ఈడుల పిల్లలను ఒకేచోట కూర్చుండబెట్టడం మనకు కొత్త విద్య కాదు. మన వీధిబడులు నడిచినది ఆ పద్ధతిలోనే. 1823వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన బళ్ళారి జిల్లా కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని దేశీయ పాఠశాలలను గురించి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపినాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడ అప్పుడు ఆ జిల్లాలోనిదే. ఆ నివేదిక ప్రకారం అక్కడ ఉన్న పాఠశాలలు 533. అందులో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, ఫారసీ బడులు 21. పిల్లలు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దేవారు. ముందుకు సాగిన పిల్లవాడు వెనుకనున్న వానికి చెప్పేవాడు. అతి తక్కువ ఖర్చుతో నడిచే ఈ పద్ధతి మెచ్చదగినదని, ఇంగ్లండు దీనిని అనుకరించడం సమంజసమేనని క్యాంప్‌బెల్ వ్రాసినాడు.

ఇంగ్లండు అనుకరించిన మాట వాస్తవమే. 1789లో మద్రాసు ఎగ్మోరులోని సైనిక అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు, దేశీయ బడి పిల్లలు ఇసుకలో వ్రాసుకొనడం చూచి, అదే పద్ధతిని తన పిల్లలకు నేర్పుమన్నాడు. ఉపాధ్యాయులు అయిష్టత చూపగా, జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేండ్ల బాలునికి అక్షరాల తరగతి అప్పగించినాడు. పని సాగింది. 1797లో బెల్ లండనులో ప్రచురించిన చిన్న పుస్తకంతో అది ‘మద్రాసు పద్ధతి’గా పేరు పొందింది. మన అరుగుల మీద పుట్టిన పద్ధతి సముద్రం దాటి, అక్కడ వందలాది పేదపిల్లలను ఒక్క పంతులు చేత చదివించే యంత్రంగా మారడం ఒక విచిత్రం.

మన ముస్లిం కుటుంబాల పిల్లలకు ఇట్టి బోధన మక్తబులో నిత్యానుభవం. ఒకే ఉస్తాదు ముందు నలుగురు ఖాయిదా చదువుతూ ఉంటారు, ఇద్దరు మొదటి సిపారా పట్టి ఉంటారు, ఒకడు ఖురాన్ ముగింపునకు వచ్చి ఉంటాడు. అక్కడ ‘నీది ఎన్నవ తరగతి?’ అని ఎవరూ అడగరు. ‘నీ సబఖు ఎక్కడ?’ అని అడుగుతారు. ప్రశ్నలోని ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. నా దృష్టిలో ఈ వ్యాసానికి మూలమంతా అందులోనే ఉన్నది. తరగతి పిల్లవాని ఈడును చెబుతుంది. సబఖు వాడు ఇప్పుడు నిలిచి ఉన్న మెట్టును చెబుతుంది.

అయితే పాతదంతా బంగారమని చెప్పడం నా అభిప్రాయం కాదు. పిల్లలు అర్థం తెలియని పద్యాలను వల్లె వేయడం క్యాంప్‌బెల్ గమనించి విమర్శించినాడు. అంతకంటె ముఖ్యమైన లోపం ఆయన అంకెలలోనే ఉన్నది. ఆ జిల్లాలో చదివే 6,641 మందిలో బాలికలు 60 మంది. తమ్మునికి అక్షరాలు దిద్దించే అన్న ఆ బడిలో ఉన్నాడు, అక్క లేదు. ఈ విషయం మరల ప్రస్తావనకు వస్తుంది.

ఆధునిక కాలంలో ఈ సమస్యను శాస్త్రీయంగా పరిష్కరించిన తెలుగు ప్రయత్నం మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రానిది. దానికి ముందు, 1972లో, డేవిడ్ హార్స్‌బరో అనే ఆంగ్లేయ విద్యావేత్త కోలారు జిల్లాలో నీల్‌బాగ్ అనే చిన్న పాఠశాల స్థాపించి, తరగతులు లేకుండా వేర్వేరు ఈడుల పల్లెపిల్లలకు కలిపి చదువు చెప్పినాడు. రిషీవ్యాలీలో రమ, పద్మనాభరావు దంపతులు 1980వ దశకం చివరి నుండి చుట్టుపక్కల పల్లెలలో ఏకోపాధ్యాయ పాఠశాలలు నడుపుతూ ఒక కొత్త ఏర్పాటు చేసినారు. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి చిన్న చిన్న అట్టముక్కలుగా మార్చినారు. ప్రతి అట్ట మీద ఒక బొమ్మ గుర్తు, ఒక సంఖ్య ఉంటవి. గోడమీద ఒక ‘అభ్యసన నిచ్చెన’ ఉంటుంది. పిల్లవాడు బడికి రాగానే తన మెట్టు ఏదో తానే చూచుకొని, ఆ గుర్తుగల అట్ట తీసుకొని, చేయవలసిన పనిని బట్టి ఐదు గుంపులలో ఒకదానిలో కూర్చుంటాడు. ఒక గుంపుకు ఉపాధ్యాయుని సహాయం పూర్తిగా కావాలి. మరొక దానికి కొంత చాలును. ఇంకొక దానికి తోటిపిల్లల సహాయం, వేరొక దానికి అది కూడ కొంతే. చివరి గుంపు తనంతట తానే పని చేసుకొంటుంది. వారం రోజులు జ్వరంతో మానిన పిల్లవాడు తిరిగి వచ్చి, మానిన మెట్టు దగ్గరనే మొదలుపెడతాడు. తరగతి వానిని వదలి ముందుకు పోయి ఉండదు. కర్ణాటకంలో 1995లో హెగ్గడదేవనకోటె తాలూకాలో ఆరంభమైన ‘నలి-కలి’ కార్యక్రమానికి ఆధారం ఈ పద్ధతే.

జ్వరం సంగతి అట్లుంచి, మన జిల్లాలకు ఈ ‘మానిన మెట్టు’ ఎంత ప్రధానమో ఆలోచించండి. తల్లిదండ్రులతో వలసపోయి నెలల తరువాత తిరిగివచ్చే పిల్లలు, గద్వాల వైపు విత్తన పత్తి చేలలో క్రాసింగు పనికి పోయే బాలికలు మనకు కొత్త కారు. తరగతి లెక్కన వారు ‘వెనుకబడినవారు’. నిచ్చెన లెక్కన వారు ఒక మెట్టు మీద ఆగి ఉన్నవారు మాత్రమే.

ఇక ఇంటికి వద్దాం. ఒక ఇంటిలోని ముగ్గురికి కలిపి చెప్పవలసినప్పుడు మొదట విషయాలను రెండుగా విడదీయవలె. చదవడం, వ్రాయడం, లెక్కలు నిచ్చెన వంటివి; ఒక మెట్టు ఎక్కనిదే పై మెట్టు అందదు. వీటిని కలిపి చెప్పరాదు. కూడికలు రాని చెల్లెలిని భిన్నాల పాఠంలో కూర్చుండబెట్టడం ఇద్దరికీ అన్యాయం. ప్రకృతి, చరిత్ర, భూగోళం, కథలు, నీతిపాఠాలు చెరువు వంటివి. ఎవరి కడవకు పట్టినంత వారు ముంచుకొనవచ్చును. వీటిని తప్పక కలిపి చెప్పవలె. ఇంగ్లండులో షార్లట్ మేసన్ అనే విద్యావేత్త ఇండ్లలో చదువుకొనే పిల్లల కోసం 1891 నుండి తపాలా ద్వారా పంపిన పాఠ్యక్రమాలలో ఈ విభజన కనిపిస్తుంది. ఆమె నియమం ఒకటి మనకు వెంటనే పనికివచ్చేది. పాఠం చదివి వినిపించిన పిమ్మట పిల్లవాడు దానిని తన మాటలలో తిరిగి చెప్పవలె. ఆరేండ్ల పిల్ల నాలుగు మాటలు చెబుతుంది, పన్నెండేండ్ల పిల్ల రెండు పుటలు వ్రాస్తుంది. పాఠం ఒకటే, పరీక్ష ఎవరిది వారికే. దీనికి ఖర్చు లేదు, గైడు అక్కరలేదు.

ఉదాహరణకు మన సరళాసాగరాన్ని తీసుకొందాం. వనపర్తి సంస్థానాధీశుల చొరవతో 1949లో పునాదిపడి 1959లో పూర్తి అయిన ఈ జలాశయం విశేషం దాని సైఫనులు. నీరు నిండుమట్టం దాటగానే ఎవరూ తలుపులు ఎత్తకుండానే అవి పనిచేసి అదనపు నీటిని బయటికి పంపుతవి. మట్టం తగ్గి గాలి చొరగానే ఆగిపోతవి. మన పిల్లలు బస్సులో పోతూ చూచే ఈ వింతను ఇంటి వాకిట్లో రెండు బకెట్లు, రెండు గజాల రబ్బరు గొట్టంతో చేసి చూపవచ్చును. నిండు బకెట్టును బల్లమీద, ఖాళీ బకెట్టును నేలమీద పెట్టండి. గొట్టాన్ని నీటితో నింపి, రెండు కొనలు వ్రేళ్ళతో మూసి, ఒక కొన పై బకెట్టు నీటిలో ముంచి, రెండవ కొన క్రింది బకెట్టులో వదలండి. నీరు బకెట్టు అంచు మీదికి ఎక్కి, దిగి పారుతుంది.

చిన్నదానికి ఇది పైన, క్రింద, ఎక్కువ, తక్కువ, నిండు, ఖాళీ అనే మాటల పాఠం. పలకమీద ‘నీరు’ అని, రెండవ వైపు ఉర్దూలో ‘పానీ’ అని వ్రాయించితే ఆనాటికి చాలును. తమ్ముడు గడియారం పట్టుకొని నిమిషానికి ఎన్ని చెంబుల నీరు దిగిందో కొలిచి పట్టిక వేస్తాడు. బల్ల తీసి పీట వేస్తే వేగం ఎందుకు తగ్గిందని వాడే అడుగుతాడు. అడగకపోతే అక్క అడగవలె. అక్క పని వేరు. నీరు పల్లానికి పారుతుందని చదివినాము గదా, అంచు మీదికి ఎట్లా ఎక్కింది? పై బకెట్టు నీటిపై గాలి నొక్కే బలం ఏమిటి? గొట్టం పొడవైన భాగంలోని నీటి బరువు చేసే పని ఏమిటి? రెండు బకెట్లలో నీటి మట్టాలు సమానమైతే ప్రవాహం ఎందుకు ఆగింది? ఆమె బొమ్మ గీచి వివరణ వ్రాయవలె. 2019 డిసెంబరు 31న సరళాసాగరం మట్టికట్టకు గండిపడి నీరంతా పోయిన వార్తను పాత పత్రికలో చదివి, సైఫనులు ఉన్న చోట కట్టకు కూడ కాపలా ఎందుకు అవసరమో ఆలోచించవలె. ఒక గొట్టంతో మూడు తరగతుల పాఠం ఒక గంటలో జరిగింది. వాకిలి తడుస్తుంది, అది వేరే మాట.

మన ఇండ్లలో మరొక చిక్కు ఉన్నది. ఇతర ప్రాంతాల గ్రంథాలు దీనిని ఊహించలేదు. పెద్దకూతురు ఉర్దూ మీడియంలో, కొడుకు తెలుగు మీడియంలో, చిన్నది ఇంగ్లీషు మీడియంలో చదువుతున్న కుటుంబాలు వనపర్తిలో తక్కువేమీ లేవు. ఇంటిలో మాట్లాడేది దక్కనీ. ఒక పాఠానికి మూడు భాషల పారిభాషిక పదాలు! దీనిని అనర్థంగా చూడనక్కరలేదు. పాఠం ఇంటిమాటలో చెప్పి, పదాలను మాత్రం వరుసగా గోడకాగితం మీద వ్రాయించవలె. వాయుపీడనం ఎదుట ‘హవా కా దబావ్’. కూడిక ఎదుట ‘జమా’, భాగహారం ఎదుట ‘తఖ్సీమ్’. ఈ చివరి రెండు మాటలు తెలంగాణ రైతుకు రెవెన్యూ కాగితాల వల్ల, పొత్తుల పంపకాల వల్ల ఏనాడో పరిచితాలు. తెలుగు అధ్యాపకునిగా నేను గమనించినది ఏమనగా, ఒక భావానికి రెండు భాషలలో పేరు తెలిసిన పిల్లవాడు పేరును బట్టీ పెట్టి భావం తెలిసినదని భ్రమపడడు.

కాలక్రమం విషయంలో పలువురు పెద్దలు ఇచ్చే సలహా: చిన్నవారిని ముందు కూర్చుండబెట్టుకోండి, వారు తృప్తిపడి లేచిపోతారు, పెద్దవారికి తరువాత తీరికగా చెప్పవచ్చును. తీరిక గల ఇండ్లకు ఇది మంచి సలహా. మన ఇండ్లలో జరిగేది వేరు. చిన్నదాని పాఠం ముగిసే వేళకు పొయ్యి పిలుస్తుంది, అక్క లేచిపోతుంది, ఆమె పాఠం రేపటికి పడుతుంది. రేపు కూడ అంతే. అందువల్ల నేను క్రమాన్ని తిప్పి వేయమంటాను. మగ్రిబు తరువాత రెండు గంటలు అనుకొనండి. మొదటి పదిహేను నిమిషాలు అందరూ కలిసి పద్యమో నజ్మో చదువుట. వెంటనే అక్కకు ఆనాటి కొత్త పాఠం. ఆ అరగంట చిన్నది చింతగింజలు పదేసి కుప్పలు పెడుతూ ఉంటుంది, తమ్ముడు నిన్నటి లెక్కలు తిరిగి చేస్తాడు. అక్క తన వ్రాతపనిలో పడిన తరువాత తల్లి తక్కిన ఇద్దరి వైపు తిరుగుతుంది. తుదకు అందరికీ ఉమ్మడి పాఠం. అందులో గడియారం చూచి పదిహేను నిమిషాలు, అంతకు మించకుండా, అక్క తమ్ముని పాఠం అప్పగించుకొంటుంది.

ఈ ‘మించకుండా’ అనే మాటను కొంచెం వివరించవలె. బెల్ కనిపెట్టిన సత్యం, చెప్పేవాడు తాను కూడ నేర్చుకొంటాడనేది, నిజమే. రొట్టెను నాలుగు ముక్కలు చేసి తమ్మునికి భిన్నాలు నేర్పే అక్కకు భిన్నాలు మరింత గట్టిపడతవి. కాని చెల్లెలి చేత నూరవసారి ‘అ ఆ’ దిద్దించడం వల్ల ఏడవ తరగతి పిల్లకు ఒరిగేది ఏదీ లేదు. అది బోధన కాదు, పిల్లను ఆడించే పని. మొదటిది ఆమె విద్యలో భాగం. రెండవది ఆమె విద్య నుండి తీసుకొన్న అప్పు. ఆ అప్పును ఎవరూ తీర్చరు. 1823లో బళ్ళారి బడులలో అక్క లేదు. నేడు ఆమె బడిలో పేరుగలది, ఇంటిలో చేయిగలది. ఇద్దరు పిల్లలను ఆపా చూచుకొంటుంది గదా అని తల్లి కూలికి పోతుంది. తల్లిని తప్పు పట్టడానికి వీలులేదు, కూలి లేనిది పూట గడవదు. కాని ఉమ్మడి పాఠం పేరుతో మనం ఇచ్చే ప్రణాళిక ఆపాను ఉచిత ఉపాధ్యాయినిగా మాత్రమే లెక్కిస్తే, అది పాత అన్యాయానికి కొత్త అట్ట వేయడమే అవుతుంది. కనుక ఏ ఇంటి ప్రణాళికనైనా చూచేటప్పుడు నేను మొదట అడిగేది పెద్దపిల్ల నోటుపుస్తకం. అందులో ఈ వారం ఆమెకు తెలియని విషయం ఏది చేరింది? జవాబు లేకపోతే ఆ ప్రణాళిక ఎంత చక్కగా నడిచినా లోపభూయిష్ఠమే.

చదువు మానిన అక్కలకు మరల దారి లేకపోలేదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ 1989 నుండి ఉన్నది. మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం కూడ పదవ తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలు నిర్వహిస్తున్నది. ఇంటివద్ద చదివి ఆ పరీక్షలు వ్రాయవచ్చును. వయస్సు దాటినదన్న సంకోచం అక్కరలేదు.

మన విద్యార్థులలో ఉపాధ్యాయ శిక్షణకు పోయేవారు చాలామంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులు ఐదు. అంటే రేపు వారు అడుగుపెట్టే గదిలో ఈ మూడు ఈడుల చాపయే పరచి ఉంటుంది. కాబట్టి కళాశాల కమిటీ వారికి ఒక మనవి చేస్తున్నాను. సాయంత్రం తరగతులు ముగిసిన పిమ్మట ఒక గదిని రెండు గంటలు తెరచి ఉంచి, విద్యార్థినులు తమ చెల్లెండ్లను, తమ్ముళ్ళను వెంట తెచ్చుకొనడానికి అనుమతించవలె. తోబుట్టువులను చూచుకొనవలసి వచ్చి హాజరు పోగొట్టుకొంటున్న అమ్మాయిలు మనలో ఎందరో హాజరు పట్టీయే చెబుతుంది. శిక్షణకు పోదలచిన విద్యార్థులు వారంవారం వంతుల ప్రకారం పిల్లలకు చెబుతారు. ఆ వేళలో అక్కలు గ్రంథాలయంలో తమ పుస్తకం చదువుకొంటారు. దీనికి కావలసినవి రెండు చాపలు, పది పలకలు, అట్టలు, సిరా. అట్టలు తయారు చేసే పని ఈ వేసవి సెలవులలోనే మొదలుపెట్టవచ్చును. మొదటి పెట్టెలో తెలుగు వర్ణమాల, ఉర్దూ హురూఫు, నూరు వరకు అంకెలు, ఇరవై చిన్న కథలు ఉంటే చాలును. ఉర్దూ అట్టల వ్రాతకు చేతివ్రాత బాగున్న ఇద్దరు విద్యార్థులు ఇప్పటికే అంగీకరించినారు. తెలుగు అట్టలు నేను దిద్దిపెడతాను.